కుడివైపు తలుపు

ఆకుపచ్చ ట్రక్కు కుడివైపు అద్దాన్ని చక్రధర్ బయటినుంచి ఇంకోసారి తుడిచాడు. పోలేదు. గుడ్డ తిరగేసి పొడివైపుతో గట్టిగా రుద్దాడు. ఊహూఁ. పోదని ఆయనకూ తెలుసు. ఆ ఆవిరి పట్టింది లోపలివైపు. తలుపులు బిగించి వారం పొడుగునా రేకుల షెడ్డులో నిలబెట్టిన బండి అది. అందులో మనిషి కూర్చుంటే ముక్కూ నోరూ ఎక్కడికొస్తాయో సరిగ్గా ఆ ఎత్తులో, అరచేతి మేర మసక. పక్కనే, అదే కప్పు కింద, అదే చలిలో నిలబడ్డ ఎర్ర కారు అద్దాల మీద మాత్రం పొడి దుమ్ము తప్ప ఏమీ లేదు.

మొదట్లో ఆయన తలుపు తెరిచి లోపలివైపు కూడా తుడిచేవాడు. ఈమధ్య మానేశాడు. బయటివైపు శుభ్రం చేసి, లోపలిదాన్ని దాని మానాన వదిలేస్తాడు. పొద్దెక్కితే అదే పోతుంది.

గుడ్డ పిండి బకెట్టు అంచున ఆరేసి, నడుం పట్టుకుని లేచాడు. ఒకప్పుడు పొడగరి. బస్సు స్టీరింగు మీదికి వంగీ వంగీ వీపు వంపు తిరిగి, ఇప్పుడు నిలబడ్డా కూర్చున్నట్టే ఉంటాడు. కుడి మోచెయ్యి ఎడమదానికంటే నలుపు. ముప్ఫై ఏళ్ళపాటు ఒంగోలు డిపో బస్సు కిటికీ మీద ఆ చేతిని ఎండబెట్టాడు మరి. ఇక్కడి మంచు కూడా ఆ నలుపును కడగలేకపోయింది. పొద్దుటినుంచీ ఎడమ దవడ లాగుతోంది. పన్నేమో అనుకున్నాడు. టైర్లకు గాలి కొడుతుంటే ఆ లాగుడు భుజందాకా దిగింది. పంపు బరువేమో అనుకున్నాడు. ఏదో ఒకటి అనుకుని పని చేసుకుపోవడం ఆయనకు అలవాటు.

అమెరికాలో బెంటన్‌విల్ ఊరు దాటి, కోళ్ళఫారాలు కూడా దాటాక, గడ్డిబీడు మధ్యలో ఉంది ఆ షెడ్డు. కట్టించింది హెరాల్డ్ అనే ముసలాయన. ఆయన పోయాక కూతురు క్యారల్ తల్సా నుంచి ఫోన్లోనే వ్యవహారం నడుపుతోంది. చక్రధర్ పని చెప్పుకోవడానికి పెద్దదేమీ కాదు. శనివారం శనివారం వచ్చి ఆ రెండు బండ్లనూ తుడిచి, గాలీ నూనే చూసి, ఒకదాని తర్వాత ఒకటి వాగు వంతెనదాకా తిప్పి తేవడం. కదలని బండి కట్టేసిన గొడ్డులాంటిది. నిలబెట్టినచోటే చచ్చిపోతుంది. తక్కిన రోజుల్లో ఒక గోడౌన్లో అట్టపెట్టెలు సర్దుతాడు. అక్క వసంతలక్ష్మి ఎప్పుడో వేసిన గ్రీన్‌కార్డు కాగితాలు కదిలి వచ్చేసరికి ఆయన జుట్టు నెరిసింది. పిల్లల్లేరు. రిటైర్మెంటుకు ముందే డిపోకు దండం పెట్టి, భార్య బాలమణిని వెంటబెట్టుకుని విమానం ఎక్కాడు. తర్వాత అక్కావాళ్ళు కాలిఫోర్నియాలోని శాన్ రామన్ వెళ్ళిపోయారు. ఈ ఊళ్ళో ఖర్చు తక్కువని వీళ్ళిద్దరూ ఉండిపోయారు. అంతే ఆయన కథ. చెప్పుకుంటే బస్సు ఒక స్టాపు దాటేలోపు అయిపోతుంది.

ఎర్ర కారు అరవైల చివర్లో పుట్టింది. ఇక్కడివాళ్ళు మజిల్ కార్ అంటారు. ఒళ్ళంతా ఇంజనే. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, ముక్కు మీద రెండు నల్లచారలు. తాళం తిప్పితే షెడ్డు రేకులు గడగడమంటాయి. తిన్నటి రోడ్డు మీద పులి, మలుపు దగ్గర తాగుబోతు. పెట్రోలు విషయంలో మాత్రం ఎప్పుడూ తాగుబోతే. లోపల సీట్లు దేనికది ఒక గుంట. ఎవరి గుంటలో వాళ్ళు కూర్చోవాలి. మధ్యలో గేరు కర్ర కాపలా.

ట్రక్కు దానికి అన్నలాంటిది కూడా కాదు, తండ్రిలాంటిది. ఉబ్బిన బుగ్గలు, గుండ్రటి కళ్ళు, వెనక చెక్కలు పరిచిన తొట్టి. లోపల ఈ తలుపునుంచి ఆ తలుపుదాకా అరుగులాగా ఒకటే సీటు. గేరు స్టీరింగు మెడకే ఉంటుంది. స్టార్ట్ చెయ్యాలంటే తాళం తిప్పి, నేలమీదున్న మీటను కాలితో తొక్కాలి. పెట్రోలు ట్యాంకు సీటు వెనకే కాబట్టి ఎక్కినవాళ్ళకు తలనొప్పి ఖాయం. ఎర్ర కారు రోడ్డుమీద అన్నిటినీ దాటేస్తుంది. ట్రక్కును అన్నీ దాటేస్తాయి.

బాలమణి ఎర్ర కారు ఒక్కసారే ఎక్కింది. "ఆపయ్యా, పేగులు వీపుకంటుకుపోతన్నయ్యి" అని సగం దారిలో దిగి, షెడ్డుదాకా నడిచి వచ్చింది. ట్రక్కులో మాత్రం ప్రతి శనివారమూ తయారు. అమెరికా అంటే ఆవిడకు అపార్ట్‌మెంట్ కిటికీ, ఈ వాగుదాకా దారి. అమృతాంజనం నుదుటికి పట్టించి, కొంగు బిగించి, కుడి తలుపు దగ్గర కూర్చునేది. ఆ పొడుగు సీటు మీద గతుకు గతుక్కీ కాస్తంత జరుగుతూ, వంతెన వచ్చేసరికి ఆయన మోచేతి కిందికి చేరేది.

"నాకూ నేర్పరాదా? ఇక్కడ పళ్ళూడిన ముసలమ్మలు కూడా తోలతన్నారు" అనేది.

"తోలేదానికి నేను లేనా?"

"ఉన్నావు కాబట్టే అడుగుతన్నా. లేకపోతే ఎవుర్ని అడగాల?"

"వచ్చే వారం చూద్దాంలే."

వచ్చే వారం అంటూనే వారాలు గడిచిపోయాయి. ఒక చలికాలం ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. బాలమణి ఆస్పత్రికి కూడా పక్కింటావిడ కారులోనే వెళ్ళింది. ఆయన గోడౌన్ డ్యూటీలో ఉన్నాడు. ఆవిడ తిరిగి రాలేదు.

కర్మలు అయ్యాక మొదటి శనివారం ఆయన ట్రక్కు తీశాడు. కోళ్ళఫారం దగ్గర గతుకులో సీటు కుడి చివర కిందికి దిగింది. స్ప్రింగు కిర్రుమంది. తర్వాతి గతుక్కి ఆ కిర్రు కాస్త ఇవతలికి వచ్చింది. వంతెన చేరేసరికి మోచేతి కింద చల్లగా ఉంది. ఆయన బండి ఆపలేదు. కేక పెట్టలేదు. గేరు మార్చేటప్పుడు తగలకుండా మోచెయ్యి కొంచెం ఎత్తి పట్టుకున్నాడు. అంతే. ఆనాటినుంచీ శనివారాల మీదే బతుకు నడుస్తోంది. ఎర్ర కారులో ఎప్పుడూ ఎవరూ రాలేదు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే మతి చలించిందంటారు. ఆ అనుమానం ఆయనకే లేకపోలేదు.

మొన్న క్యారల్ ఫోన్ చేసింది. రెండిటినీ సాకలేను, ఒకటి అమ్మేసి ఒకటి నాన్న గుర్తుగా ఉంచుకుంటాను, ఏది పోయినా నాకొకటే, వచ్చినవాళ్ళకు నచ్చింది ఇచ్చెయ్ అంది. వస్తున్నది తెలుగువాళ్ళే. అమ్మకం మాట విన్నప్పటినుంచీ ఆయనది ఒకటే లెక్క. ఎర్ర కారు పోతే పీడా పోయింది. ట్రక్కు పోయిందా, అందులో మనిషి కూడా పోతుంది. అందుకే పొద్దున్నే వచ్చి ఎర్ర కారుకు మైనం రెండు పూతలు పట్టించాడు. ట్రక్కు మూతి మీద చచ్చిన పురుగుల మరకల్ని మాత్రం ఉన్నవి ఉన్నట్టే వదిలేశాడు.

తెల్లటి ఎలక్ట్రిక్ కారు పిల్లిలా చప్పుడు లేకుండా వచ్చి ఆగింది.

"నమస్తే అంకుల్! నేను రఘువీర్. ఫోన్ల మాట్లాడిన గదా. ఈమె మా వైఫ్, అనుష్క."

"రాండి బాబూ, రాండి. దోవ దొరికిందా?"

"జీపీఎస్ కోళ్ళఫారంల దింపింది అంకుల్. కోడి కొనుక్కపోదాం అంటుండె ఈమె" అని రఘువీర్ నవ్వాడు. బొద్దుగా, తోలు జాకెట్లో ఇరుక్కుని ఉన్నాడు. ఆ జాకెట్ ఎర్ర కారుకోసమే కొన్నట్టుంది. అతని చూపు అప్పుడే దాని మీద వాలింది. అనుష్క చేతులు చంకల్లో పెట్టుకుని షెడ్డంతా ఒకసారి కలయజూసింది.

"హానెస్ట్‌గా చెప్పండి అంకుల్. రెండిట్ల ఏది బెటర్?"

"నన్నడిగితే, ఇది గుర్రం, అది గాడిద. గుర్రమెక్కినోణ్ణి ఊరంతా చూస్తది. గాడిదను కొనుక్కున్నోడు దాని వెనకమాల నడవాల."

"విన్నవా అనూ?"

"గుర్రమెక్కి ఎక్కడికెళ్తావ్, కాస్ట్‌కోలో సరుకులకా?" అంది అనుష్క. "ట్రక్కయితే వెనకాల మొక్కలు తెచ్చుకోవచ్చు. దీనికి బ్రేకులు బావుంటాయా అంకుల్?"

"ఉంటయ్యమ్మా. ఇయ్యాల తొక్కితే రేపు ఆగుద్ది."

"హీటరు?"

"రెండు దుప్పట్లు తెచ్చుకుంటే సరిపోద్ది."

రఘువీర్ పగలబడి నవ్వాడు. నిజానికి ఆ బ్రేకుల్ని బిగించింది చక్రధరే. పోయిన వారమే. ట్రక్కు వైపు చూడకుండా గబగబా ఎర్ర కారు తలుపు తెరిచి, "రా బాబూ, నువ్వే తోలు" అన్నాడు.

వాగుదాకా వెళ్ళి వచ్చేసరికి రఘువీర్ చెవులు ఎర్రబడ్డాయి. కారు దిగినా చేతులు ఇంకా స్టీరింగు పట్టుకున్నట్టే ఉన్నాయి. "అంకుల్, ఇది కారు కాదు, రాకెట్! ఇదే ఫిక్స్" అన్నాడు. చక్రధర్‌కు గుండెల మీద బరువు దిగినట్టయింది. పూర్తిగా దిగలేదు గాని, కాస్త సడలింది.

షెడ్డు వాకిట్లో అనుష్క ఎదురొచ్చింది.

"అంకుల్, ఆంటీని దిగమనండి ప్లీజ్. ఎంతసేపని లోపలే కూర్చుంటారు, ఈ చలిలో? నేను హాయ్ చెప్తే నవ్వి ఊరుకున్నారు."

"ఏ ఆంటీ?" అన్నాడు రఘువీర్.

"అదే, ట్రక్కులో. అంకుల్ వాళ్ళ వైఫ్. డోర్ తీసి మాట్లాడితే బావుండదని బయటే నిలబడ్డా."

రేకుల మీద గాలి ఒకసారి జరజరా పాకి ఆగింది.  ఇన్నాళ్ళూ చక్రధర్ తన ఒక్కడి మతిలో ఉందనుకున్న మనిషి ఇంకొకరి కంటికి ఆనింది. సంతోషపడాలో వణకాలో తెలియక, "సిగ్గెక్కువమ్మా దానికి. ఎవురితోనూ మాట్లాడదు" అన్నాడు.

ముగ్గురూ లోపలికి వెళ్ళేసరికి ట్రక్కులో ఎవరూ లేరు. "అయ్యో, అటువైపు దిగేసినట్టున్నారు" అని అనుష్క తలుపు తెరిచి తనే ఎక్కి కూర్చుంది. కూర్చున్నదల్లా కదలకుండా ఉండిపోయింది. గుండెలనిండా గాలి పీల్చింది.

"రఘూ, ఇటు రా. ఈ స్మెల్ చూడు."

"పెట్రోల్."

"నీ ముక్కుకి జలుబెప్పుడు తగ్గుతుంది? అమృతాంజనం. మా అమ్మమ్మ పక్కలో పడుకుంటే ఇదే వాసన. కర్నూల్లో ఇల్లమ్మేశాక మళ్ళీ ఎక్కడా రాలేదు నాకు." ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సీటును అరచేత్తో నిమిరింది. "నాకు ఇదే కావాలి."

రఘువీర్ ఎర్ర కారు వైపు ఒకసారి, భార్య మొహం వైపు ఒకసారి చూశాడు. తోలు జాకెట్ జిప్పు కిందికి లాగి, "అయిపాయె" అన్నాడు.

ఎర్ర కారుకు పట్టించిన మైనమంతా వృథా. చెప్పిన అబద్ధాలన్నీ వృథా. బాలమణి తలనొప్పే బాలమణిని అమ్మేసింది.

"అమ్మాయా, అది మొండి బండి. నీ మాట వినదు" అన్నాడు చక్రధర్.

"వింటుందంకుల్. పెద్దవాళ్ళ బండి కదా, నేనే దాని మాట వింటా."

"దాన్ని ఇక్కడే ఉండనీండమ్మా." ఆ మాట ఆయన నోట్లోంచి ఊడిపడింది. భార్యాభర్తలిద్దరూ ఆయన వైపు తిరిగారు.

"ఎందుకంకుల్? ఏమన్న ప్రాబ్లమా?" అన్నాడు రఘువీర్.

చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. నా పెళ్ళాం అందులో ఉంది బాబూ అని ఎవరితో అంటాడు, ఎలా అంటాడు? 

"ఏం లేదులే. అలవాటైన బండి" అన్నాడు.

రఘువీర్ అక్కడే క్యారల్‌కు ఫోన్ చేశాడు. ఆవిడ సరేనంది. అవతలినుంచి ఆవిడ నవ్వు కూడా వినబడింది. అనుష్క తమ కారులోంచి కుంకుమ పొట్లం, నిమ్మకాయలు తెచ్చింది. "మా అత్తయ్య వీడియోకాల్‌లో ఒట్టు వేయించుకున్నారు అంకుల్, నిమ్మకాయలు తొక్కించకుండా బండి కదలకూడదని." ముందు చక్రాలు రెండిటికీ ఒక్కో కాయ ఆనించి, కాయల మీద కుంకుమ బొట్లు పెట్టింది. "ఫస్ట్ మీరే తియ్యండి, మీ చేత్తో. మేం గేట్ దగ్గర నిలబడి వీడియో తీస్తాం. ఆంటీని కూడా ఎక్కించుకోండి, ప్లీజ్. బావుంటుంది."

వాళ్ళ మాటలు గేటువైపు దూరమయ్యాయి. షెడ్డులో ఆయనా, రెండు బండ్లూ మిగిలాయి. ఛాతీ మీద తిరగలి రాయి ఎక్కినట్టుంది. తాళం గట్టిగా పట్టుకుని తలుపు తీశాడు. ఎక్కాడు. తలుపు వేసుకున్నాడు. స్టీరింగు కోసం చేతులు చాపాడు. చేతులకు గాలి తగిలింది.

కుడివైపు ఎక్కాడు.

మన దేశంలో బండి తోలి వచ్చినవాళ్ళు అందరూ ఎప్పుడో ఒకప్పుడు చేసే పొరపాటే. అక్కడ స్టీరింగు కుడిపక్క, ఇక్కడ ఎడమపక్క. మనసు ఎటో ఉన్నప్పుడు ఒళ్ళు పాత లెక్క ప్రకారం నడుస్తుంది. బాలమణి ఉన్నరోజుల్లో ఎన్నోసార్లు ఆ తలుపు తీసి ఆవిడ మీదే కూర్చోబోయాడు. "నా ఒళ్ళో కూర్చోని తోల్తావా ఏంది?" అని ఆవిడ మోచేత్తో డొక్కలో పొడిచేది. ఆవిడ పోయాక ఒక్కసారి కూడా ఆ పొరపాటు చెయ్యలేదు. అది ఆవిడ చోటని ఒంటికే తెలుసు. ఇవాళ చేశాడు. ఎవరూ పొడవలేదు. కింద చల్లగా లేదు. మామూలు సీటు.

"మణీ, దిగిపోయినావా?" అన్నాడు.

 దిగి, చుట్టూ తిరిగి అటువైపు వెళ్దామనుకున్నాడు. కాళ్ళు లేవలేదు.

అప్పుడు ఎడమవైపు స్ప్రింగు కిర్రుమంది. స్టీరింగు ఎదురుగా, ఇన్నాళ్ళూ ఆయన కూర్చున్నచోట, సీటు తోలు మెల్లగా కిందికి గుంటపడింది. అమృతాంజనం వాసన అటునుంచి వచ్చింది.  ఆయన చెయ్యి చాపి తాళం పెట్టి తిప్పాడు. తను చెయ్యగలిగింది అంతవరకే.

"ముందు క్లచ్చి తొక్కు. ఎడంకాలితో" అన్నాడు గొంతు తగ్గించి.

పెడల్ కిందికి దిగింది.

"వదలమాక. పట్టుకునే ఉండు. ఇప్పుడు కుడికాలితో ఆ మీట."

మీట దిగింది. ఇంజను దగ్గి, ముక్కి, అందుకుంది.

"గేరు నీ దగ్గరికి లాక్కోని కిందికి దించు. ఆఁ. ఇంక క్లచ్చి వదులు. నిదానంగా. నిదానమంటే వినవే!"

ట్రక్కు ఎగిరిపడి కదిలింది. ఆయనకు నవ్వొచ్చింది. డిపోలో కొత్తగా చేరినవాళ్ళు మొదటిరోజు ఇలాగే ఎగరేసేవాళ్ళు. పక్క సీట్లో కూర్చుని తను ఎందరికి నేర్పాడు! ఇంట్లో మనిషికి తప్ప. స్టీరింగు కాస్త ఎడమకు, కాస్త కుడికి తడబడి, చివరకు నిలదొక్కుకుంది. వాకిట్లోని వెలుగు అద్దంనిండా పరుచుకుంది. దవడ లాగుడు పోయింది. తిరగలి రాయిని ఎవరో పక్కకు దించారు. తోలేవాళ్ళు ఇంకొకరైతే కూర్చున్నవాడికి ఎంత హాయో ఇన్నేళ్ళలో ఆయనకు తెలియనే తెలియదు. తల అద్దానికి ఆనించాడు.

బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదు. పని చెడుతుంది. అందుకని ఆయన ఇంకోలా అడిగాడు.

"దూరమా, మణీ?"

గేటు దగ్గర అనుష్క ఫోన్ ఎత్తి పట్టుకుంది. ట్రక్కు ఆగుతూ, ఎగురుతూ ఎండలోకి వచ్చింది.

"రఘూ, చూడు చూడు, ఆంటీ డ్రైవ్ చేస్తున్నారు! అంకుల్ పక్కన దర్జాగా కూర్చున్నారు!"

రఘువీర్‌కు అద్దం మీద ఎండ తప్ప ఏమీ కనబడలేదు. ట్రక్కు వాళ్ళకు కొంచెం ఇవతల మెత్తగా ఆగింది. ఇంజను కూడా ఆగింది. రఘువీర్ చప్పట్లు కొడుతూ వచ్చి ఎడమ తలుపు తెరిచాడు. ఎవరూ లేరు. సీటు అవతలి చివర, తలుపుకు చేరగిలబడి, చక్రధర్ నిద్రపోతున్నవాడిలా ఉన్నాడు. భుజం మీద చెయ్యి వేసి కదిపితే తల ఒరిగింది.

అంబులెన్స్ వచ్చింది. గుండె అన్నారు. షెడ్డు ముందు నేల వాలుగా ఉంది, బ్రేకు వదులై దానంతటదే జారి ఉంటుంది అన్నాడు పోలీసాయన. రఘువీర్ తల ఊపాడు. ఇంజను శబ్దం సంగతి ఎత్తలేదు. ఎవరికి కబురు చెయ్యాలని క్యారల్‌కు ఫోన్ చేస్తే, కాలిఫోర్నియాలో అక్క ఉందనుకుంటాను, భార్య పోయి చాలా కాలమైంది అంది. స్పీకర్‌లో ఆ మాట విని అనుష్క గడ్డిలో కూలబడింది. ఫోన్ బోర్లించి ఒళ్ళో పెట్టుకుంది. తీసిన వీడియో తెరిచి చూడలేదు.

అందరూ వెళ్ళాక, షెడ్డు తలుపు మూయడానికి రఘువీర్ లోపలికి వెళ్ళాడు. అంతకుముందు ట్రక్కు నిలబడ్డచోట కుడి చక్రం కింది నిమ్మకాయ చితికి, గింజలు బయటపడి, రసం సిమెంటు మీద ఆరుతోంది. ఎడమ చక్రం నడిచిన దారిలో రెండో నిమ్మకాయ, కుంకుమ బొట్టయినా చెదరకుండా, గుండ్రంగా అలాగే ఉంది.